బాల్యచిత్రంపై ఒక పంక్తి

ఒక విద్యాసంస్థ డెబ్బది అయిదు సంవత్సరాలు నిండించుకొన్న శుభసమయంలో వెనుకకు తిరిగి చూచుకొనడం సహజం. అట్లు చూచినప్పుడు మన కంటికి ముందుగా ఆనేవి భవనాలు, పరీక్షా ఫలితాలు, ఉన్నత పదవులను అలంకరించిన పూర్వవిద్యార్థుల నామధేయాలు. ఆ పూర్వవిద్యార్థులు పిల్లలుగా ఉన్న రోజులలో తమ చేతులతో ఏమి చేశారో, ఏమి గీశారో, ఏమి వ్రాశారో తెలిపే ఆధారాలు మాత్రం ఎక్కడనో తప్ప మిగిలి ఉండవు. అట్టి ఆధారం ఒకటి అయిదు శతాబ్దాలకు పైగా చెక్కుచెదరక నిలిచిన వృత్తాంతాన్ని ఈ వ్యాసంలో నివేదించదలచినాను. పదమూడేళ్ల బాలుడొకడు అద్దంలో తన్ను తాను చూచుకొని గీసికొన్న బొమ్మ అది. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, ఖండాంతర ఖ్యాతి గడించిన పిమ్మట, ఆ బొమ్మ పైభాగాన ఒక పంక్తి వ్రాశాడు. జరిగినది జర్మనీ దేశంలోని న్యూరెంబర్గ్ నగరంలోనే అయినా, మాతృభాషలో చదువు చెప్పే పాఠశాలకు ఆ పంక్తితో దగ్గరి సంబంధమే ఉన్నది.

ఆ చిత్రకారుని పేరు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. 1471 మే 21న న్యూరెంబర్గ్‌లో జన్మించి, 1528 ఏప్రిల్ 6న ఆ నగరంలోనే కన్నుమూశాడు. చెక్కపై చెక్కి అచ్చువేసే బొమ్మలలోనూ, రాగిరేకుపై చెక్కి అచ్చువేసే బొమ్మలలోనూ ఆయన సాధించిన నైపుణ్యం అంతకుముందు ఐరోపాలో ఎరుగనిది. మనవారిలో చాలమందికి ఆయన ఖడ్గమృగం బొమ్మ ద్వారా పరిచితుడు. గుజరాత్ సుల్తాను పోర్చుగీసువారికి కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం ఓడలో ప్రయాణించి 1515 మే నెలలో లిస్బన్ చేరింది. డ్యూరర్ ఆ మృగాన్ని స్వయంగా చూడలేదు. ఇతరులు పంపిన వర్ణనను, రేఖాచిత్రాన్ని ఆధారం చేసికొని, దాని చర్మాన్ని యోధుని కవచంవలె ఊహించి చెక్కాడు. ఆ బొమ్మను తరువాతి రెండు మూడు శతాబ్దాలు ఐరోపావారు నిజమైన ఖడ్గమృగం రూపంగానే భావించారు. ప్రస్తుతం మనం తలచుకొంటున్న బాల్యచిత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దానిలో వినికిడికి తావు లేదు. బాలుడు తన ఎదుట అద్దంలో కనిపించిన దానినే గీశాడు.

ఈ చిత్రం ఇప్పుడు ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని అల్బెర్టీనా సంగ్రహాలయంలో ఉన్నది. డ్యూరర్ 1502లో గీసిన ప్రసిద్ధమైన కుందేలు బొమ్మ కూడా అక్కడనే ఉన్నది. బాల్యచిత్రం పరిమాణం పెద్దది కాదు: సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తు, 19 సెంటీమీటర్ల వెడల్పు గల కాగితం. నడుము వరకు మాత్రమే చూపిన ఆకృతి. తలపై టోపీ, నుదుటి మీదికి కత్తిరించిన జుట్టు, భుజాల మీదికి జారిన కేశాలు, వెడల్పయిన చేతులు గల పై అంగీ. ముఖం కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నది. ఒక చేతి చూపుడువేలు ఎటో చూపుతున్నది. రెండవ చేయి అంగీ మడతలలో దాగి ఉన్నది. గీస్తున్న చేతిని గీయడం ఎంత కష్టమో అద్దం ముందు కూర్చొని ప్రయత్నించిన ప్రతి విద్యార్థికీ తెలుసు. కనుక ఒక చేయి కనబడకపోవడంలో వింత లేదు. ఆ కాలపు గాజు అద్దాలు చాలవరకు చిన్నవి, ఉబ్బెత్తుగా ఉండేవి. వాటిలో ఆకారం తిన్నగా కనిపించడమే దుర్లభం.

చిత్రానికి వాడిన సాధనం కూడా గమనింపదగినది. దానిని వెండిమొన అని చెప్పవచ్చు. ఎముకల బూడిదను జిగురుతో కలిపి కాగితానికి పూతపూసి ఆరబెడతారు. ఆ గరుకు పూతపై వెండితీగ మొనను నడిపినప్పుడు లోహం సన్నని ధూళిగా రాలి గీతగా నిలుస్తుంది. మొదట బూడిదరంగులో కనిపించిన గీత, గాలి తగిలి వెండి నల్లబడినట్లే, కాలక్రమంలో గోధుమవన్నెకు తిరుగుతుంది. ఈ సాధనంతో ఒక చిక్కు ఉన్నది. ఒకసారి పడిన గీతను సులభంగా తుడిచివేయడానికి వీలులేదు. బలంగా ఒత్తినంత మాత్రాన గీత ముదురుగానూ రాదు. నీడ కావలెనంటే సన్నని గీతలను ప్రక్క ప్రక్కనే ఓపికతో నింపవలసిందే. మన పిల్లలు పలకమీద బలపంతో గీసి, తడిగుడ్డతో తుడిచి, మరల గీసే సౌకర్యం ఆ బాలునికి లేదు. పెన్సిలు, రబ్బరు వాడుకలోకి రాని ఆ రోజులలో వెండిమొన కంసాలుల పనిముట్లలో ఒకటి. బాలుని తండ్రి కంసాలియే.

ఆ తండ్రి పేరు కూడా ఆల్బ్రెక్టే. హంగరీ దేశంలో పుట్టి, 1455లో న్యూరెంబర్గ్‌కు వచ్చి స్థిరపడినవాడు. స్వదేశాన్ని విడిచి పరాయి ఊరికి వలసవచ్చి, అక్కడి పనివారి నడుమ పేరు తెచ్చుకొన్న కుటుంబం అది. 1467లో తన యజమాని కుమార్తె బార్బారాను వివాహమాడాడు. వారికి కలిగిన సంతానం పద్దెనిమిదిమంది. యుక్తవయస్సు దాటి బ్రతికినవారు ముగ్గురే. ఈ వివరాలు మనకు తెలియడానికి కారణం డ్యూరరే. తండ్రి వ్రాసిపెట్టిన కాగితాలను ముందుంచుకొని 1524లో ఆయన తన కుటుంబ వృత్తాంతాన్ని కూర్చాడు. తనయందు తండ్రికి ప్రత్యేకమైన వాత్సల్యం ఉండేదనీ, బడికి పంపి చదవడం వ్రాయడం నేర్పించి, పిమ్మట బడి మాన్పించి బంగారుపనిలో పెట్టాడనీ, పని చేతికి వచ్చే సమయానికి తన మనస్సు చిత్రకళవైపు మళ్లిందనీ అందులో చెప్పుకొన్నాడు. తండ్రికి అది రుచించలేదు. కొడుకు కంసాలిపని నేర్చుకొనుటకు వెచ్చించిన కాలం వ్యర్థమయినదని ఆయన బాధ. అయినా చివరకు మనస్సు మార్చుకొని, 1486 నవంబరు 30న మిఖాయెల్ వోల్గెముట్ అనే చిత్రకారుని వద్ద మూడేళ్లు శిష్యరికానికి ఒప్పందం చేశాడు. గురువు వద్ద ఉన్నంతకాలం ఇతర పనివారి వలన చాల బాధలు పడినానని కూడా డ్యూరర్ దాచకుండా వ్రాశాడు.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు బాల్యచిత్రం విలువ తెలుస్తుంది. బొమ్మ గీసినది 1484లో. చిత్రకళా శిష్యరికం మొదలయినది 1486లో. అనగా చిత్రకారుడు కావలెనని ఇంట్లో ఎవరూ నిర్ణయించకముందే, తండ్రి దుకాణంలో కంసాలిపని నేర్చుకొంటున్న దశలోనే ఆ బాలుడు తన్ను తాను ఎదుట నిలుపుకొని గీసికొన్నాడు. చిత్రంలో లోపాలు లేకపోలేదు. కన్నుల అమరికలో తడబాటు ఉన్నది. చేతి నిర్మాణంలో అనుభవం చాలదని తెలిసిపోతుంది. అయినా వస్త్రపు మడతలను చూచిన తీరు, మెత్తని చెంపపై వెలుగునీడలను నిలిపిన ఓపిక, చెరపరాని గీతను జంకు లేకుండా నడిపిన ధైర్యం సామాన్యమైనవి కావు. ఐరోపాలో ఇంత పూర్వం ఒక పిల్లవాడు తన్ను తాను గీసికొన్న బొమ్మలు మిగిలి ఉండడం అత్యంత అరుదు.

ఇక చిత్రం పైభాగాన ఉన్న పంక్తి. దాని సారాంశం ఇది: 1484వ సంవత్సరంలో, తాను ఇంకా పిల్లవాడుగా ఉన్నప్పుడు, అద్దంలో చూచి తన రూపాన్నే తాను గీసినట్లు అందులో చెప్పి, క్రింద తన పూర్తి పేరు వ్రాశాడు. తాను ఇంకా పిల్లవాడినే అని ఏ పిల్లవాడూ తన బొమ్మపై వ్రాసికొనడు. ఆ మాట పెద్దవాని నోట రావలసినదే. చేతివ్రాతను పరిశీలించిన పండితులలో పలువురు ఈ పంక్తి 1520ల నాటిదని భావిస్తారు. అంటే బొమ్మకూ మాటకూ నడుమ సుమారు నలుబది సంవత్సరాల ఎడం. ఈ మధ్యకాలంలో డ్యూరర్ శిష్యరికం ముగించాడు, దేశాటన చేశాడు, ఇటలీకి వెళ్లివచ్చాడు, చక్రవర్తి మాక్సిమిలియన్ కొలువుకు పనిచేశాడు. ఎన్ని ఇండ్లు మారినా, ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ కాగితం నశించలేదు.

ఆ పంక్తిలో లేనివి ఏమిటో చూడడం కూడా అవసరం. అందులో గొప్ప లేదు. ఇంత చిన్న వయస్సులోనే ఇంతటి పని చేశానన్న ఆత్మస్తుతి లేదు. క్షమాపణ కూడా లేదు. లోపాలను మన్నించమన్న వేడుకోలు లేదు. ఏ సంవత్సరం, ఏ పద్ధతి, ఏ వయస్సు, ఎవరు అన్న నాలుగు సంగతులు మాత్రమే ఉన్నాయి. మానవశరీరపు కొలతలపై ఐరోపాలోనే ప్రామాణికుడైన వ్యక్తికి ఆ చేతిలోని తప్పు కనబడలేదని అనుకొనలేము. అయినా మాట చేర్చి ఊరకున్నాడు. బాలుని పనిని బాలుని పనిగానే ఉండనిచ్చాడు.

పాత బొమ్మలపై తరువాత మాట చేర్చడం డ్యూరర్‌కు అలవాటే. 1514 మార్చి నెలలో అరువది మూడేళ్ల తన తల్లి ముఖాన్ని బొగ్గుతో గీశాడు. బక్కచిక్కిన చెంపలు, ముడతలుపడిన నుదురు, ఎముకలు తేలిన మెడ. దేనినీ అందంగా మలచలేదు. రెండు నెలలకే ఆమె మరణించింది. అప్పుడు అదే కాగితంపై సిరాతో ఆమె మరణించిన దినాన్ని, వేళను చేర్చాడు. ఆ చిత్రం ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్నది. 1515లో ఇటలీనుండి రఫేలు పేరిట ఎర్రసుద్దతో గీసిన పురుషాకృతుల చిత్రం ఒకటి ఆయనకు అందింది. రఫేలు తన చేతి పనితనం తెలియజేయుటకై దానిని పంపించాడని దానిపై వ్రాసిపెట్టాడు. తల్లి బొమ్మ అయినా, ఇతరుల బొమ్మ అయినా, తన బాల్యచిత్రమయినా ఆయన దృష్టిలో అవి సాక్ష్యపత్రాలు. ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో అన్నది వ్రాయకపోతే సాక్ష్యం మూగపోతుందని ఆయన ఎరుగును.

ఆ పంక్తి వ్రాసిన భాషను గూర్చి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఆనాటి ఐరోపాలో విద్వత్తుకు భాష లాటిన్. డ్యూరర్ 1500లో తన ఇరువది ఎనిమిదవ యేట చిత్రించుకొన్న గంభీరమైన స్వీయచిత్రం మ్యూనిక్ నగరంలో ఉన్నది. దానిపైని వ్రాత లాటిన్‌లోనే ఉన్నది. అది పండితలోకానికి చూపదలచిన ముఖం. బాల్యచిత్రంపై వ్రాసిన పంక్తి మాత్రం జర్మన్ భాషలో, న్యూరెంబర్గ్ ఇండ్లలో మాట్లాడుకొనే తీరులో ఉన్నది. పదమూడేళ్ల పిల్లవాడు తల్లిదండ్రులతో మాట్లాడిన భాషలోనే ఆ పిల్లవానిని గూర్చి చెప్పాడు.

ఇది ఒక్క పంక్తికే పరిమితమయిన విషయం కాదు. డ్యూరర్‌కు లాటిన్ పాండిత్యం పెద్దగా లేదు. ఆయన మిత్రుడు విల్లిబాల్డ్ పిర్క్‌హైమర్ గ్రీకు, లాటిన్ భాషలలో ఉద్దండుడు కనుక గ్రంథస్థ విషయాలు ఆయన ద్వారా తెలిసికొనేవాడు. అయినా 1525లో కొలతలను గూర్చిన గ్రంథం ప్రకటించినప్పుడు దానిని జర్మన్‌లోనే వ్రాశాడు. చిత్రకారులకే కాక కంసాలులకు, శిల్పులకు, రాతిపనివారికి, వడ్రంగులకు ఉపయోగపడవలెనన్నది ఆయన ఉద్దేశం. తన దేశంలోని యువకులు ప్రతిభ ఉండి కూడా శాస్త్రం తెలియక, కొమ్మలు కత్తిరించని అడవిచెట్లవలె పెరిగిపోతున్నారని ఆ గ్రంథపు తొలిపలుకులలో విచారించాడు. అయితే జ్యామితికి అవసరమైన పదాలు ఆనాటి జర్మన్‌లో లేవు. ఆయన లాటిన్ పదాలను అరువు తెచ్చుకొని ఊరకుండక, పనివారి నోళ్లలో ఉన్న మాటలతో కొత్త పదాలను అల్లుకొన్నాడు. చుట్టుతిరిగే వక్రరేఖకు నత్తగీత అన్నాడు. మనం దీర్ఘవృత్తం అనే ఆకారం గుడ్డువలె ఉంటుందని తలచి గుడ్డుగీత అన్నాడు. పరావలయపు ఆకృతి గల అద్దం ఎండను ఒకచోట కూర్చి నిప్పు పుట్టించగలదు కనుక ఆ రేఖకు కాల్చుగీత అని పేరు పెట్టాడు. అతిపరావలయానికి పంగగీత అన్న పేరు కుదిర్చాడు.

ఈ పేర్లన్నీ తరువాతి కాలపు శాస్త్రంలో నిలిచినవి కావు. కాని వాటి ప్రయోజనం నెరవేరింది. లాటిన్ రాని వడ్రంగి కూడా ఆ గ్రంథం తెరచి, చిత్రం చూచి, పేరు చదివి, ఆ గీతను గీయగలిగాడు. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1532లో, ఆయన మిత్రుడు కామెరారియుస్ పూనికతో ఆయన రచనలు లాటిన్‌లోకి పరివర్తన చెంది ఇతర దేశాల పండితులకు అందాయి. జర్మన్‌లో పుట్టి లాటిన్‌లోకి వెళ్లడమే తప్ప, లాటిన్‌లో పుట్టి జర్మన్‌లోకి దిగిరాలేదు. మన వడ్రంగులు, తాపీపనివారు వాడే మూలమట్టం, రసమట్టం వంటి మాటలను వినినవారికి డ్యూరర్ చేసిన పని ఎంత సహజమైనదో బోధపడుతుంది.

ఆయన చివరి గ్రంథం మానవశరీరపు కొలతలను గూర్చినది. నాలుగు భాగాలుగల ఆ గ్రంథం 1528 అక్టోబరు 31న, ఆయన మరణించిన ఆరు నెలల తరువాత, భార్య ఆగ్నెస్ పూనికతో వెలువడింది. పొడవైనవారు, పొట్టివారు, స్థూలకాయులు, కృశించినవారు, స్త్రీలు, పురుషులు, పసిబిడ్డ. అందరి కొలతలూ అందులో ఉన్నాయి. ఒకే ఒక ఆదర్శరూపం ఉన్నదని ఆయన వాదించలేదు; మానవులలోని భిన్నత్వాన్నే లెక్కకు తెచ్చాడు. బాల్యచిత్రంపై పంక్తి 1520ల నాటిదే అయితే, ఈ గ్రంథానికై శ్రమిస్తున్న రోజులలోనే ఆయన ఆ పాత కాగితాన్ని చేతికి తీసికొని ఉండవలె. జీవితమంతా మానవాకృతిని కొలిచినవాడు, ఏ కొలతలూ తెలియని దినాలలో తాను గీసిన తొలి ఆకృతిని చూచి, దానికి తేదీ వేసి, యథాతథంగా దాచాడు.

మన తెలుగునాట చిత్రకళా చరిత్రలో ఇట్లు వెనుకకు తిరిగి చూచే అదృష్టానికి నోచుకొననివాడు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరంలో జన్మించి, అక్కడి కళాశాల అధ్యక్షుడు ఆస్వల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివి, స్వస్థలానికి తిరిగివచ్చి ఆంధ్ర చిత్రకళకు ఒక బాణీని నెలకొల్పిన ప్రతిభామూర్తి ఆయన. 1925 ఫిబ్రవరిలో, ఇరువది ఎనిమిదవ యేడు నిండకుండానే కీర్తిశేషుడయ్యాడు. తన తొలి గీతలపై వార్ధక్యంలో ఒక మాట వ్రాసే వ్యవధి ఆయనకు కాలం ఇవ్వలేదు. ఆ బాధ్యత ఇతరులపై పడింది. వరదా వెంకటరత్నం ప్రభృతి మిత్రులు ఆయన ఆశయాన్ని కొనసాగించారు. ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఏర్పడిన చిత్రశాలలో నేటికీ దర్శనమిస్తాయి. కళాకారుడు తాను దాచుకొననిచో, దాచలేకపోయినచో, సమాజం దాచవలె.

ఈ మాట మన పాఠశాలకు కూడా వర్తిస్తుంది. మనం నివసించే చెన్నపట్నంలో 1850లోనే అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు చిత్రకళాపాఠశాల స్థాపించాడు. డ్రాయింగ్ పాఠం ఈ నగరంలోని బడులకు కొత్త కాదు. అయితే ప్రతి సంవత్సరాంతంలో పిల్లల డ్రాయింగ్ పుస్తకాలకు బడులలో పట్టే గతి అందరికీ తెలిసినదే. తూకానికి అమ్ముడుపోయేవి కొన్ని, చెదలపాలయ్యేవి కొన్ని. ప్రవేశపట్టికలు మాత్రం ధ్రువపత్రాల అవసరం కోసం భద్రంగా ఉంటాయి. పుట్టినతేదీలు నిలిచి, చేతిగీతలు పోతున్నాయి. మన సంప్రదాయంలో ప్రతి ఉదయం ఇంటిముందు వేసిన ముగ్గు సాయంకాలానికి పాదాలక్రింద చెరిగిపోతుంది. మరునాడు వేరొకటి వస్తుంది. ముగ్గు ప్రతిదినం తిరిగి పుట్టేది గనుక దానికి నష్టం లేదు. బాల్యం అట్లు తిరిగి రాదు.

అన్యభాషా ప్రాంతంలో తెలుగు మాధ్యమంగా నడిచే పాఠశాలకు ఈ నష్టం మరింత బరువైనది. తెలుగు అక్షరాలతో తన పేరు వ్రాసి బొమ్మ క్రింద సంతకం చేసే బాలబాలికలు ఈ నగరంలో ఏయేటికాయేడు తగ్గుతున్నారన్నది దాచవలసిన సంగతి కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు అన్న ఏర్పాటులో పెరిగే పిల్లవానికి, తాను చూచినదానిని తన మాటలలో చెప్పుకొనే చోటు బడియే. వలసవచ్చిన కుటుంబంలో పుట్టి, బడిలో చదవడం వ్రాయడం మాత్రమే నేర్చి, ఇంటిభాషలోనే శాస్త్రం వ్రాసిన న్యూరెంబర్గ్ కంసాలి కుమారుని చరిత్ర మనకు పరాయిది కాదనడానికి ఇదే కారణం.

కనుక ఈ మహోత్సవ సందర్భంలో ఉపాధ్యాయవర్గానికి, తల్లిదండ్రులకు, పూర్వవిద్యార్థులకు ఒక మనవి. ప్రతి తరగతినుండి ప్రతి విద్యార్థి గీసిన ఒక బొమ్మను ఏటేటా భద్రపరచే ఏర్పాటు ఈ సంవత్సరమే మొదలుపెట్టుదురుగాక. దానికి పెద్దగది అక్కరలేదు. చెదలు పట్టని పెట్టె ఒకటి చాలు. బొమ్మను ఎర్రసిరాతో దిద్దవద్దు. దిద్దుబాటు అవసరమైనచో వేరొక కాగితంపై గీసి చూపవచ్చు. బొమ్మ క్రింద పిల్లవాని చేతనే నాలుగు సంగతులు తెలుగులో వ్రాయించవలె: పేరు, తరగతి, సంవత్సరం, దేనిని చూచి గీసినది. ఇండ్లలో పాత పలకలు, పుస్తకాలు దాచుకొన్న పూర్వవిద్యార్థులు వాటిపై తమకు గుర్తున్న నాలుగు మాటలు చేర్చి పాఠశాలకు అప్పగించినచో అదియే ఈ ఉత్సవానికి తగిన కానుక కాగలదు.

ఆ బొమ్మలు గీసినవారిలో ఎవరు చిత్రకారులవుతారో, ఎవరు వడ్రంగులో, వైద్యులో, గుమాస్తాలో అవుతారో నేడు చెప్పలేము. 1484లో ఆ బాలుని తండ్రికి కూడా తెలియదు. కుమారుడు తనవలె కంసాలి కావలెననే ఆయన ఆశించాడు. కాగితం మాత్రం మిగిలింది. నూరేళ్ల ఉత్సవం నాటికి మన పెట్టెలోనూ అట్టి కాగితాలు మిగిలియుండి, వాటిని గీసినవారే వచ్చి, తాము పిల్లలుగా ఉన్నప్పుడు గీసినవని వాటిపై తెలుగులో ఒక పంక్తి వ్రాయగలుగుదురుగాక అని ఆకాంక్షిస్తున్నాను.